గాట్‌మన్ దంపతుల చికిత్స శిక్షణ, మొదటి స్థాయి: ఒక కౌన్సెలర్ సమీక్ష

దంపతులతో పనిచేసే థెరపిస్టుల కోసం సియాటిల్‌లోని గాట్‌మన్ ఇన్‌స్టిట్యూట్ మూడు స్థాయిల శిక్షణ ఇస్తుంది. మొదటి స్థాయిని ఎవరి వీలును బట్టి వారు ఆన్‌లైన్‌లో పూర్తిచేసుకోవచ్చు. నేను అలాగే పూర్తిచేసి, నేర్చుకున్న పద్ధతులను హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చే దంపతులతో వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. దంపతుల సమస్యను అంచనా వేయడంలో ఇంత క్రమశిక్షణ నేర్పే పాఠ్యక్రమాన్ని నేను మరొకటి చూడలేదు. అయితే లైంగిక సమస్యల చికిత్సకు ఇది చాలదు. చాలునని దీనితోనే ఆగిపోయే థెరపిస్టు తన గుమ్మం తొక్కినవారిలో చాలామందికి సాయపడలేరు.

ఈ పద్ధతికి మూలం పరిశీలన. జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి దంపతుల సంభాషణలను చిత్రీకరిస్తూ, అదే సమయంలో వారి గుండె వేగాన్ని, చెమట పట్టడాన్ని నమోదు చేస్తూ వచ్చారు. 1986లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ఒక అపార్ట్‌మెంట్‌నే ప్రయోగశాలగా తీర్చిదిద్దారు. ఆ పరిశీలనల సారాన్ని చికిత్సగా మలచడంలో జాన్ భార్య, క్లినికల్ సైకాలజిస్టు జూలీ గాట్‌మన్ పాత్ర పెద్దది. స్వలింగ జంటలను 12 ఏళ్ల పాటు అనుసరించిన అధ్యయనం కూడా వీరి పనిలో భాగమే.

శిక్షణలో అత్యంత విలువైనది అంచనా విధానం. మొదటి సెషన్‌లో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, వారి బంధం ఎలా మొదలైంది, తొలి రోజులు ఎలా గడిచాయి, కష్టకాలాన్ని ఎలా దాటారు అన్న ప్రశ్నలతో వారి కథను వారి చేతనే చెప్పించాలి. తర్వాత తమ మధ్య నలుగుతున్న ఒక విషయాన్ని తీసుకుని వారిద్దరే పది నిమిషాలు మాట్లాడుకుంటుంటే థెరపిస్టు కలగజేసుకోకుండా గమనించాలి. ఆపైన ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ప్రశ్నావళులు నింపించి, ఇదంతా అయ్యాకే మళ్లీ ఇద్దరినీ కూర్చోబెట్టి తాను గ్రహించినదాన్ని వారి ముందుంచాలి. మన దగ్గర దంపతుల కౌన్సెలింగ్ తరచుగా పెద్దమనుషుల పంచాయితీలా నడుస్తుంది: తొలి గంటలోనే ఇద్దరి ఫిర్యాదులూ విని, తప్పు ఎవరిదో తేల్చి, సర్దుకుపొమ్మని పంపేస్తారు. ఏమీ సరిదిద్దకుండా ముందు కొన్ని సెషన్ల పాటు వినాలన్న ఈ నియమం ఒక్కటే ఆ అలవాటును విరగ్గొట్టడానికి సరిపోతుంది.

పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ఈ ప్రశ్నలను కొంత మార్చి అడగాల్సి వస్తుంది. పెళ్లిచూపులనాడు ఎవరు ఏం గమనించారు, సంబంధం ఖాయం చేసేటప్పుడు తమ మాట అడిగారా, కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో ఎవరు అండగా నిలిచారు అని నేను అడుగుతాను. జవాబు ఎంత చిన్నదైనా, భాగస్వామి గురించి చెబుతున్నప్పుడు గొంతులో ఆదరం ఉందా, విసుగు ఉందా అన్నది తెలిసిపోతుంది. పాఠ్యక్రమం వినమనేదీ దానినే.

హింస గురించిన భాగాన్ని ప్రతి ఫ్యామిలీ కౌన్సెలరూ చూడాలని గట్టిగా కోరుకుంటున్నాను. తగాదా ముదిరి అదుపు తప్పే హింస వేరని, ఒకరు మరొకరిని భయపెట్టి లొంగదీసుకోవడానికి వాడే హింస వేరని చెప్పి, రెండో రకం ఉన్నచోట దంపతులకు కలిపి చికిత్స చేయకూడదని ఈ శిక్షణ స్పష్టంగా నేర్పుతుంది. అందుకే హింస ఉందా అన్న ప్రశ్న విడి సెషన్‌లోనే అడగాలి. భర్త పక్కన ఉండగా చెప్పిన నిజానికి ఆమె ఇంటికి వెళ్లాక మూల్యం చెల్లించాల్సి రావచ్చు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక హింసను కూడా గృహహింసగానే గుర్తించింది. అలాంటి సందర్భంలో ఆమెకు కావలసింది 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రం, న్యాయసహాయం. రాజీ సెషన్ కాదు.

విమర్శ, ఈసడింపు, ప్రతి మాటకూ తనను సమర్థించుకోవడం, గోడలా బిగుసుకుపోవడం అనే నాలుగు ప్రమాద సంకేతాల గురించి చాలామంది వినే ఉంటారు. నిజమైన దంపతుల వీడియోల్లో వాటిని చూసి గుర్తుపట్టడం మాత్రం వేరే అనుభవం. గుండె నిమిషానికి వందసార్లకు మించి కొట్టుకుంటున్నప్పుడు మనిషి ఎదుటివారి మాటను సరిగా వినలేడని, అప్పుడు కనీసం ఇరవై నిమిషాలు విరామం ఇవ్వాలని చెప్పే పాఠం సెషన్‌లో వెంటనే పనికొస్తుంది.

విడాకులను తొంభై శాతానికి పైగా కచ్చితత్వంతో ముందే చెప్పగలమన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. ఏ దంపతుల సమాచారంతో సూత్రాన్ని తయారుచేశారో అదే సమాచారంపై దాన్ని సరిచూస్తే కచ్చితత్వం ఎక్కువగానే కనిపిస్తుందని, కొత్తవారిపై పరీక్షించకుండా ఆ అంకెను నమ్మకూడదని 2001లో రిచర్డ్ హేమన్, ఎమీ స్లెప్ అనే పరిశోధకులు చూపించారు. థెరపిస్టు చేయాల్సింది జోస్యం కాదు కనుక పద్ధతి ఉపయోగానికి దీనివల్ల లోటు లేదు. క్లయింట్లకు ఆ అంకె చెప్పి భయపెట్టకూడదంతే.

ఇక లైంగిక చికిత్స. పెళ్లయి ఏళ్లు గడిచినా కలయిక జరగకపోవడం, యోని కండరాలు బిగుసుకుపోవడం, శీఘ్రస్ఖలనం, అంగస్తంభన లోపం, వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న భయం: మన దగ్గర కౌన్సెలర్ గదికి వచ్చే సమస్యల్లో ఇవి తక్కువేమీ కావు. ఈ చివరి భయాన్ని మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ధాతు సిండ్రోమ్ పేరుతో వర్ణించారు. అత్తవారింట్లో పిల్లల కోసం ఒత్తిడి పెరిగాకే చాలామంది నోరు విప్పుతారు. మొదటి స్థాయి శిక్షణ స్నేహం, ఆప్యాయత, తగాదాల నిర్వహణ చుట్టూ తిరుగుతుంది. దగ్గరితనం తిరిగి రావడానికి అది పునాది వేస్తుంది, కానీ పైన చెప్పిన సమస్యలకు చికిత్స నేర్పదు.

దానికి వేరే చదువు కావాలి. సెయింట్ లూయిస్‌కు చెందిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో వివరించిన స్పర్శాభ్యాసాల్లో దంపతులు కొంతకాలం కలయికను పూర్తిగా పక్కనబెట్టి, ఏ ఫలితమూ ఆశించకుండా ఒకరినొకరు తాకడం నేర్చుకుంటారు. పరీక్షలా మారిన పడకగదిలో భయాన్ని తగ్గించడమే దాని ఉద్దేశం. 1976లో జాక్ ఆనన్ ప్రతిపాదించిన ప్లిసిట్ నమూనాను కొత్త కౌన్సెలర్లకు నేను మొదట చెబుతాను: మాట్లాడేందుకు అనుమతినివ్వడం, అవసరమైనంత సమాచారం ఇవ్వడం, ఆ దంపతులకు తగిన సూచనలు చేయడం, చివరిగా లోతైన చికిత్స. మొదటి రెండు మెట్లకే తేరుకునేవారు ఎందరో ఉంటారు. నాలుగో మెట్టు తన పరిధిలో లేదని తెలుసుకోవడం కూడా శిక్షణలో భాగమే. మధుమేహం, రక్తపోటు మందులు, డిప్రెషన్ మందులు లైంగిక సామర్థ్యాన్ని దెబ్బతీయగలవు. అంగస్తంభన లోపం గుండెజబ్బుకు ముందస్తు సూచన కావచ్చు. కాబట్టి గైనకాలజిస్టుతో, యూరాలజిస్టుతో కలిసి పనిచేయని లైంగిక చికిత్స అసంపూర్ణం.

మరొక కొరత కుటుంబానికి సంబంధించినది. ఈ పాఠ్యక్రమం ఊహించుకునే ఇల్లు ఇద్దరిది. అత్తమామలతో ఒకే కప్పు కింద ఉండేవారికి విరామం తీసుకోవడానికి విడిగా ఒక గది కూడా దొరకదు. దంపతుల గొడవ తెల్లారేసరికి పుట్టింటికి ఫోన్‌లో చేరుతుంది. ఈ సర్దుబాట్లన్నీ థెరపిస్టే చేసుకోవాలి.

మొదటి స్థాయి ధ్రువపత్రం వచ్చినంత మాత్రాన గాట్‌మన్ సర్టిఫైడ్ థెరపిస్టు అయిపోరు. మూడు స్థాయిలూ పూర్తిచేసి, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసి, సొంత సెషన్ల వీడియోలను పరిశీలనకు ఇచ్చాకే ఆ గుర్తింపు లభిస్తుంది. సైకాలజీలో ప్రాథమిక శిక్షణ ఉండి, ఇప్పటికే వ్యక్తులతో పనిచేస్తూ దంపతుల వైపు రావాలనుకునేవారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. కౌన్సెలింగ్‌లో ఇప్పుడే అడుగుపెడుతున్నవారు కొంతకాలం ఆగడం మేలు. దీని తర్వాత లైంగిక చికిత్స కోర్సు ఏది ఎంచుకున్నా, డబ్బు కట్టేముందు రెండు విషయాలు అడగండి: మన కేసులను విని తప్పులు చెప్పే అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు ఉన్నారా, లైంగికత గురించి థెరపిస్టుకే ఉన్న సిగ్గునూ అపోహలనూ ముందు పరిశీలించుకునే తరగతులు అందులో ఉన్నాయా.