ఓమ్‌లు కొలిచాకే వాట్ల మాట ఎత్తిన కర్నూలు షాపు

నా కారులో ఉన్నది 12 అంగుళాల సబ్‌వూఫర్, అంటే బేస్ శబ్దాల కోసమే ఉండే పెద్ద స్పీకర్. దానిలో నాలుగేసి ఓమ్‌ల (కరెంటుకు ఎంత అడ్డు తగులుతుందో చెప్పే కొలత) కాయిల్స్ రెండు ఉన్నాయి, తట్టుకోగల ఆర్‌ఎంఎస్ పవర్, అంటే ఆగకుండా తీసుకోగల పవర్, 300 వాట్లు. మొదట వేరొక చోట దీన్ని నాలుగు చానెళ్ళ ఆంప్లిఫయర్‌కు, వెనక రెండు చానెళ్ళను బ్రిడ్జ్ చేసి (రెండింటినీ ఒకే అవుట్‌పుట్‌గా కలిపి) బిగించారు. నంద్యాల బయలుదేరితే ఓర్వకల్లు దాటకముందే బేస్ ఆగిపోయేది, ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైటు వెలిగేది, చేయి పెడితే చురుక్కుమనేది. అడిగితే ఎండ వల్ల అన్నారు. కర్నూలు ఎండ ఎలాంటిదో నాకు తెలియక కాదు, రాత్రి ప్రయాణాల్లోనూ అదే జరగడంతో ఆ మాట నమ్మలేకపోయాను.

గత నెల ఊళ్ళోనే మరొక చిన్న షాపుకు వెళ్ళాను. ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ కావాలో చెప్పమని అడిగితే, అక్కడి పెద్దాయన, "సార్, వాట్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు దీని ఓమ్‌లు చూడనీయండి" అంటూ ఆంప్లిఫయర్ నుంచి సబ్‌వూఫర్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టారు. 1.7 అని చూపించింది. అంటే రెండు కాయిల్స్‌నూ పారలల్‌గా (పక్కపక్కన) కలిపి 2 ఓమ్‌ల లోడు చేశారన్నమాట (మీటరులో అంకె సాధారణంగా కొంత తక్కువే వస్తుంది). పాత ఆంప్లిఫయర్ బ్రిడ్జ్ చేసినప్పుడు 4 ఓమ్‌లకు తగ్గకూడదని దాని అడుగున ముద్రించే ఉంది. బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానెల్‌కు లోడులో సగమే కనిపిస్తుంది కనుక, పాపం ఒక్కో చానెల్ 1 ఓమ్ లోడును మోస్తూ వచ్చింది. ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటూ వేడీ పెరుగుతాయి. వేడెక్కి ఆగిపోవడం దాని లోపం కాదు, తనను తాను కాపాడుకోవడం.

ఈ సబ్‌వూఫర్‌ను 2 ఓమ్‌లుగానో 8 ఓమ్‌లుగానో మాత్రమే కలపగలం, 4 ఓమ్‌లు రానే రావు. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) 8 ఓమ్‌లు చేస్తే పాత ఆంప్లిఫయరే చల్లగా పనిచేసేది కానీ, 4 ఓమ్‌లకు ఇచ్చే పవర్‌లో దాదాపు సగమే వచ్చేది. అందుకే 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) మోనో, అంటే ఒకే చానెల్ ఉన్న, ఆంప్లిఫయర్‌ను ఆయన సూచించారు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే, క్షణకాలం మాత్రమే వచ్చే "మ్యాక్స్" వాట్లను ఆయన ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎంతో నచ్చింది.

గెయిన్ (స్టీరియో సిగ్నల్‌కు తగ్గట్టు ఆంప్లిఫయర్‌ను సరిచేసే నాబ్) పెట్టిన తీరు ఇంకా నచ్చింది. సబ్‌వూఫర్ వైర్లు తీసి, బేస్ బూస్ట్, ఈక్వలైజర్ సున్నాలో ఉంచి, స్టీరియో వాల్యూమ్‌ను నాలుగింట మూడు వంతులకు పెంచి, 50 హెర్ట్జ్ టోన్ (ఒకే తీరున సాగే బేస్ శబ్దం) వేశారు. 300 వాట్లను 2 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 24.5 వోల్టులు. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజీ అంతకు చేరగానే గెయిన్ పెంచడం ఆపేశారు. గెయిన్‌ను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పితే ఆంప్లిఫయర్ తన హద్దు దాటి తరంగాల తలలు నరికినట్టు పంపుతుందని, అప్పుడు సగటు పవర్ పెరిగి కాయిల్ కాలే ప్రమాదం ఉందని ఓపికగా వివరించారు.

లోపాలూ చెప్పాలి. బ్యాటరీ నుంచి వేయడానికి మొదట తెచ్చిన వైరు రాగి పూత వేసిన అల్యూమినియం. అసలు రాగి వైరు కావాలని నేనే అడగాల్సి వచ్చింది. అల్యూమినియం రాగి అంత బాగా కరెంటు మోయదు, పూర్తి పవర్ దగ్గర ఈ ఆంప్లిఫయర్ దాదాపు 27 ఆంపియర్లు లాగుతుంది కనుక ఇది చిన్న విషయం కాదు. ఆంప్లిఫయర్‌ను సబ్‌వూఫర్ పెట్టె మీదే బిగించబోతే, అదురుకు స్క్రూలు వదులవుతాయని చెప్పి సీటు వెనక్కి మార్పించాను. 40 ఆంపియర్ల ఫ్యూజును మాత్రం చెప్పకముందే బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టారు, ఎర్త్ వైరు కింద పెయింటు గీకి ఇనుము బయటపడేదాకా శుభ్రం చేశారు. పని ఒక పూటలో అవుతుందన్నది సాయంత్రం దాకా సాగింది, బిల్లులో ఆంప్లిఫయర్ మోడల్ నంబరు కూడా అడిగి రాయించుకోవలసి వచ్చింది.

మొన్న ఆదివారం మిట్ట మధ్యాహ్నం నంద్యాల వెళ్ళాను. పాణ్యం దగ్గర ఆగి ఆంప్లిఫయర్ మీద చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది.