గుంపు మీదికి హాల్‌బర్డ్: పన్నెండో లెవెల్ దాకా మోసిన తరువాత

ఒకే వేటుకు ఒకరికి మించి తగిలే యోధుణ్ణి నడపాలన్న కోరిక నాకు పాతదే. పాచికలు వేస్తూ పాత్రలను నడుపుకునే బల్ల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 నియమాల పుస్తకంలో ఆయుధాలకు మాస్టరీ గుణాలు చేర్చారని, పెద్ద గొడ్డలి గ్రేట్‌యాక్స్‌కూ, పొడుగు కర్రకు బిగించిన గొడ్డలి హాల్‌బర్డ్‌కూ క్లీవ్ అనే గుణం దక్కిందని తెలిసిన వెంటనే ఆ కోరిక మళ్లీ లేచి కూర్చుంది. ఫైటర్ క్లాస్ (పాత్ర వృత్తి), మూడో లెవెల్ నుంచి బ్యాటిల్ మాస్టర్ శాఖ, చేతిలో హాల్‌బర్డ్: ఈ కూర్పును మొదటి లెవెల్ నుంచి పన్నెండో లెవెల్ దాకా, ఏడాదికి పైగా ఆడాను. ఈ సమీక్ష ఆ వాడకం మీదనే రాస్తున్నాను. లెక్కలు కూడా కొన్ని వస్తాయి, ఎందుకంటే బల్ల దగ్గర నాకు కలిగిన ఆశాభంగాలలో చాలావరకు ఆ లెక్కలను ముందుగా వేసుకోకపోవడం వల్ల కలిగినవే.

క్లీవ్ పనిచేసే తీరు ఇది. ఒక శత్రువుకు వేటు తగిలితే, అతనికి ఐదడుగుల లోపల ఉండి మన ఆయుధానికి కూడా అందే మరొకరి మీద ఇంకొక దాడి చేయవచ్చు. ఆ రెండో దాడికి ఇరవై ముఖాల పాచికను విడిగా వేయాలి. తగిలితే ఆయుధం పాచిక మీద పడిన అంకె డ్యామేజ్‌గా, అంటే శత్రువుకు జరిగే నష్టంగా, లెక్కకు వస్తుంది, బలం వల్ల వచ్చే అదనం దానికి కలవదు. ఒక టర్న్‌లో (ఒక వంతులో) ఒక్కసారే ఈ అవకాశం. ఐదో లెవెల్‌లో 18 బలం (దాని అదనం 4) ఉన్న నా ఫైటర్, ఫీట్లు అనే అదనపు నేర్పుల లెక్క కలపకుండా, మామూలు వేటుకు సగటున 9.5 కొడితే క్లీవ్ వేటుకు 5.5 కొట్టేవాడు. ఖర్చు లేకుండా వచ్చే ఐదున్నర కదా అని నేను మొదట్లో తెగ మురిసిపోయాను.

ఆ మురిపెం మూడు ఓగర్ల (భారీ రాక్షసుల) ముందు తీరిపోయింది. ఆట మొదలైన నాటికి కొత్త రాక్షసుల పుస్తకం ఇంకా రాలేదు కాబట్టి మేము 2014 నాటి దాన్నే వాడాము. అందులో ఓగర్‌కు 59 హిట్ పాయింట్లు (ప్రాణాన్ని కొలిచే అంకె), దాని గద వేటు సగటున 13. నేను శ్రద్ధగా ఒకదాన్ని కొడుతూ, క్లీవ్‌తో పక్కదాన్ని గీరుతూ మూడు రౌండ్లు గడిపాను. మూడిటికీ గాయాలయ్యాయి, మూడూ నిలబడే ఉన్నాయి, మూడూ నన్ను కొడుతూనే ఉన్నాయి. ఈ తరహా ఆటలలో ప్రాణం తరిగినంత మాత్రాన చేతి బలం తరగదు. ఒక్క హిట్ పాయింట్ మిగిలిన ఓగర్ కూడా నిండు ప్రాణంతో ఉన్నదాని మాదిరిగానే 13 కొడుతుంది. నేను పంచిపెట్టిన డ్యామేజ్ అంతా ఒకదాని మీదే పెట్టి ఉంటే మా మీద పడే గదలలో ఒకటి ముందుగానే తగ్గి ఉండేది. ఏరియా దాడి విలువను ఎంతమందికి తగిలిందన్న దానితో కొలవకూడదని, ఎంతమంది పడిపోయారన్న దానితో కొలవాలని ఆ పూట నాకు తెలిసివచ్చింది. క్లాస్, ఆయుధం, ఫీట్ ఏది ఎంచుకునేటప్పుడైనా ఇప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న అదే.

గాబ్లిన్లు అనే చిన్న జీవుల దగ్గర అదే ఆయుధం వేరే ముఖం చూపించింది. అదే పుస్తకంలో గాబ్లిన్‌కు 7 హిట్ పాయింట్లు. ఫీట్ల అదనం లేకుండానే మామూలు వేటు తగిలితే పదింట ఎనిమిది సార్లు చస్తుంది. పది ముఖాల పాచిక మీద ఏడు గాని అంతకు మించి గాని పడితే క్లీవ్ వేటుకు పక్కది కూడా పోతుంది, అంటే తగిలిన ప్రతి పదిసార్లలో నాలుగుసార్లు. పైగా నాలుగో లెవెల్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ తీసుకున్నాను. నా టర్న్‌లో అటాక్ యాక్షన్‌తో చేసే దాడులకు అది కొంత డ్యామేజ్ కలపడమే కాక, ఎవరినైనా సున్నాకు దించితే బోనస్ యాక్షన్‌గా (టర్న్‌కు ఒక్కటే దక్కే అదనపు చర్యగా) ఇంకొక దాడిని ఇస్తుంది. చావు నుంచి చావుకు దారి తీసే ఇటువంటి గుణాలే గుంపు యోధుడికి నిజమైన పెట్టుబడి. చిన్న ప్రాణాల గుంపు ఎదురైన రోజు ఒక టర్న్‌లో నలుగురిని పడగొట్టిన సందర్భాలున్నాయి. గాబ్లిన్లకు తప్పుకుని దాక్కునే నేర్పు ఉండడం వల్ల అవి వరుసగా నిలబడి మన వేటుకు మెడ చాపవు గనుక, ఆ నలుగురూ దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ద్వారం దగ్గరే దొరికారు.

ఇక గ్రేట్‌యాక్స్‌ను వదిలి హాల్‌బర్డ్‌నే ఎందుకు మోశానంటే, తేడా పాచికలో కంటే గళ్లలో ఉంది. గ్రేట్‌యాక్స్‌ది పన్నెండు ముఖాల పాచిక, హాల్‌బర్డ్‌ది పది. సగటున ఒక్క పాయింట్ నష్టం. దానికి బదులుగా రీచ్, అంటే వేటు అందే దూరం, పదడుగులు. ఐదడుగుల గళ్లు గీసిన మ్యాప్ మీద గ్రేట్‌యాక్స్‌కు చుట్టూ ఎనిమిది గళ్లు అందితే హాల్‌బర్డ్‌కు ఇరవై నాలుగు అందుతాయి. క్లీవ్‌కు కావలసింది ఒకరికొకరు ఆనుకుని ఉన్న ఇద్దరు. ఎనిమిది గళ్లలో అటువంటి జంట కోసం ఎదురుచూడాలి, ఇరవై నాలుగింటిలో సాధారణంగా ఒకటి దొరుకుతుంది. నా అంచనాలో ఈ ఒక్క కారణం చాలు. మన మనిషి వెనుక నుంచి అతని భుజం మీదుగా కొట్టగలగడం అదనపు సుఖం.

రీచ్‌కు ఒక లోపం ఉంది, దానిని నేను ఆలస్యంగా గుర్తించాను. శత్రువు మన రీచ్‌ను దాటి బయటికి పోయినప్పుడే అతని మీద అవకాశపు దాడి దక్కుతుంది. రీచ్ పదడుగులైనప్పుడు వాడు మన పక్క నుంచి కదిలి, ఆ పదడుగుల వలయంలోనే గుండ్రంగా నడిచి, మన వెనకాల ఉన్న విజార్డ్‌ను (మంత్రగాణ్ణి) తీరిగ్గా చేరవచ్చు. గ్రేట్‌యాక్స్ పట్టినవాడి దగ్గర ఆ నడక సగంలోనే దెబ్బ తినేది. కాపలా కాయడమే ముఖ్యమైన పని అనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకుని ఎంచుకోవడం మంచిది.

ఆరో లెవెల్‌లో తీసుకున్న పోల్‌ఆర్మ్ మాస్టర్ ఈ లోపాన్ని కొంత పూడ్చింది. దానివల్ల శత్రువు రీచ్‌లోకి అడుగుపెడుతున్నప్పుడే ఒక వేటు వేయవచ్చు. ఎనిమిదో లెవెల్‌లో సెంటినెల్ కూడా చేరాక, అవకాశపు దాడి తగిలినవాడి వేగం సున్నా అయిపోయేది గనుక, నన్ను దాటి పోవడం అన్నది శత్రువులకు ఖరీదైన వ్యవహారమైంది. ఈ మూడు ఫీట్లూ బలాన్ని ఒక్కొక్క అంకె చొప్పున పెంచుతాయి కాబట్టి, 17తో మొదలుపెట్టిన నా ఫైటర్ ఎనిమిదో లెవెల్‌కే 20 చేరాడు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. పోల్‌ఆర్మ్ మాస్టర్ ఇచ్చే కర్ర మొదలు పోటు, గ్రేట్ వెపన్ మాస్టర్ ఇచ్చే అదనపు దాడి రెండూ బోనస్ యాక్షన్‌నే అడుగుతాయి. ఒక టర్న్‌లో రెండూ దక్కవు.

బ్యాటిల్ మాస్టర్ శాఖలో స్వీపింగ్ అటాక్ అనే ఎత్తు ఉంది. పేరు చూసి మొదట దానినే తీసుకున్నాను. ఈ శాఖకు దక్కే ప్రత్యేక పాచికలలో ఒకటి ఖర్చు చేస్తే, అసలు వేటు అంకె పక్కవాడికి కూడా తగిలేటంతగా ఉంటే, వాడికి ఆ పాచిక మీద పడినంత డ్యామేజ్. మొదట్లో అది ఎనిమిది ముఖాల పాచిక, సగటున 4.5. క్లీవ్ ఉచితంగా అంతకంటే ఎక్కువే ఇస్తున్నప్పుడు, విశ్రాంతికి విశ్రాంతికి మధ్య నాలుగో ఐదో మాత్రమే ఉండే పాచికలను దీని మీద పెట్టడం దండగ. ఏడో లెవెల్‌లో దానిని వదిలేసి, శత్రువును పడదోసే ఎత్తును, తప్పిపోబోయే వేటును నిలబెట్టే ఎత్తును ఉంచుకున్నాను.

క్లాస్ విషయంలో నాకు మొదటి నుంచీ పోటీగా కనిపించినది బార్బేరియన్. రేజ్ (ఆ క్లాస్ తెచ్చుకునే ఆవేశం) వల్ల కలిసే డ్యామేజ్ బలం వల్ల వచ్చే అదనం కాదు కాబట్టి క్లీవ్ వేటుకు కూడా చేరుతుంది. రేజ్‌లో ఉండగా మామూలు ఆయుధాల దెబ్బలు సగమే తగులుతాయి, అది గుంపు మధ్య నిలబడేవాడికి కవచం కంటే మేలైన రక్షణ. కాని తెగించి కొట్టే రెక్‌లెస్ అటాక్‌ను వాడితే చుట్టూ ఉన్నవారందరికీ మన మీద అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) వస్తుంది. ఒక్కడితో పోరాడేటప్పుడు ఆ బేరం లాభసాటి. ఆరుగురి మధ్య నిలబడి ఆ బేరం ఆడితే ధర ఆరింతలు. ఫైటర్‌కు ఉన్న బరువైన కవచం, ఒకే టర్న్‌లో ఇంకొక చర్యను ఇచ్చే యాక్షన్ సర్జ్, తొమ్మిదో లెవెల్‌లో వచ్చే టాక్టికల్ మాస్టర్ నాకు ఎక్కువ పనికొచ్చాయి. రెండు చేతుల ఆయుధం వల్ల డాలు లేకపోవడం మాత్రం ఆఖరి దాకా బాధించింది. గుంపులో ప్రతి రౌండ్‌కూ పది పన్నెండు పాచికలు మన మీద పడుతున్నప్పుడు ఆ రెండు పాయింట్ల రక్షణ చిన్నదేమీ కాదు.

ఏరియా డ్యామేజ్ ఒక్కటే లక్ష్యమైతే ఆయుధం పట్టడమే తప్పు ఎంపిక అని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఐదో లెవెల్ విజార్డ్ వేసే ఫైర్‌బాల్ ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఎనిమిది ఆరుముఖాల పాచికలు, అంటే సగటున 28, దొర్లిస్తుంది. నేను ఒక పోరాటమంతా క్లీవ్ చేసినా అంత దూరం రాను. అయితే ఆ లెవెల్‌లో అతనికి ఫైర్‌బాల్‌కు కావలసిన మూడో స్థాయి స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) రెండే. మూడో పోరాటానికి అతను ఖాళీ చేతులతో వచ్చినప్పుడు నా హాల్‌బర్డ్ మొదటి పోరాటంలో ఎంత పదునుగా ఉందో అంతే పదునుగా ఉండేది. ఆటను నడిపేవారు రోజుకు ఒకటే పెద్ద పోరాటం పెట్టే అలవాటున్నవారైతే ఈ మేలు మీకు కనిపించదు. క్లాస్ ఎంచుకునే ముందు ఈ ఒక్క మాట వారిని అడగండి.

2003లో వచ్చిన 3.5 నియమాలలో వర్ల్‌విండ్ అటాక్ కోసం నేను పడిన పాట్లతో పోలిస్తే ఇప్పటి క్లీవ్ ఎంతో దయగలది. అప్పట్లో చురుకుదనం 13, తెలివి 13 ఉండి, కంబాట్ ఎక్స్‌పర్టీజ్, డాడ్జ్, మొబిలిటీ, స్ప్రింగ్ అటాక్ అనే నాలుగు ఫీట్లు తీసుకున్న తరువాతనే ఐదోదిగా అది దక్కేది. దక్కాక, మిగతా అదనపు దాడులన్నీ వదులుకుని, అందే ప్రతి శత్రువు మీద ఒక్కొక్క దాడి చేయాలి. చుట్టూ ముగ్గురు నలుగురు చేరితే తప్ప దానికి అర్థం లేదు. ఆ నలుగురు చేరడానికి నేను చాలా పూటలు ఎదురుచూశాను.

వీడియో గేములలోనూ ఇదే గీటురాయి పనికొస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో గ్రేట్‌స్వోర్డ్, గ్రేట్‌యాక్స్ ఇచ్చే క్లీవ్ ముగ్గురికి తగులుతుంది గాని సగం డ్యామేజే చేస్తుంది, చిన్న విశ్రాంతి తీసుకునేదాకా మళ్లీ రాదు. అందుకని దానిని పోరాటం మొదట్లో వాడకుండా, ముగ్గురి ప్రాణాలూ సన్నగిల్లిన తరువాత తుడిచివేయడానికి దాచుకుంటాను. అందులో హంటర్ రేంజర్‌కు చుట్టూ తిరిగి కొట్టే దాడి పదకొండో లెవెల్‌లో వస్తుంది, ఆట పన్నెండో లెవెల్‌తో ఆగిపోతుంది. అంత ఆలస్యంగా వచ్చేదాని కోసం క్లాస్‌ను ఎంచుకోమని నేను చెప్పను. స్కైరిమ్‌లో రెండు చేతుల ఆయుధాల నైపుణ్యం 70కి చేరాక దొరికే స్వీప్ పెర్క్ పక్కకు ఊపే బలమైన వేటును ముందున్న అందరికీ తగిలేలా చేస్తుంది. ఆ అందరిలో మన వెంట వచ్చే తోడు కూడా ఉంటుందని నేను నా తోడును నరికాకే గ్రహించాను. డయాబ్లో 2లో బార్బేరియన్ వర్ల్‌విండ్ ముప్పయ్యో లెవెల్‌లో వస్తుంది, సుడి మొదలైతే గమ్యం చేరేదాకా ఆగడానికి వీల్లేదు. హెల్ అనే అన్నిటికంటే కఠినమైన స్థాయిలో ఆయుధపు దెబ్బ అసలు తగలని శత్రువులు ఎదురైనప్పుడు బెర్సెర్క్ వంటి రెండో దారి లేకపోతే సుడి తిరిగి ప్రయోజనం లేదు.

తొమ్మిదో లెవెల్ తరువాత మా బృందంలోని క్లెరిక్‌తో (దైవ మంత్రాలు వేసే పాత్రతో) కలిసి ఆడిన పద్ధతి నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది. స్పిరిట్ గార్డియన్స్ మంత్రం అతని చుట్టూ పదిహేను అడుగుల దాకా శత్రువులను కాలుస్తుంది, తట్టుకోలేనివారికి సగటున 13.5. టాక్టికల్ మాస్టర్ వల్ల ఒక్కొక్క దాడికి క్లీవ్ బదులు పుష్ వాడుకోవచ్చు గనుక, నేను అంచున తచ్చాడేవాళ్లను ఆ వలయంలోకి నెట్టేవాణ్ణి. పుష్ పదడుగుల దాకా నెట్టగలదు, కాని అంతా నెట్టాలని లేదు. ఆనుకుని ఉన్నవాణ్ణి ఐదడుగులే నెడితే వాడు ఇంకా హాల్‌బర్డ్‌కు అందుతూనే, వెనుకనున్న తన తోటివాడి పక్కకు చేరతాడు. అప్పుడు రెండో దాడికి క్లీవ్. మంత్రం అప్పటికే ప్రాణాలను పలచబరచి ఉంచుతుంది కాబట్టి ఆ ఐదున్నర డ్యామేజ్, ఓగర్ల ముందు ఎందుకూ కొరగాని ఆ ఐదున్నరే, ఇక్కడ మనుషులను పడగొట్టేది.

గట్టి కవచమున్న ఒంటరి శత్రువు ఎదురైనప్పుడు క్లీవ్ ఉత్త అలంకారం. ఫైటర్‌కు మొదటి లెవెల్‌లోనే మూడు ఆయుధాల మాస్టరీ ఉంటుంది గనుక వీపున ఒక గ్లేవ్ (పొడుగు కర్రకు బిగించిన కత్తి) కూడా మోస్తున్నాను. అదే పాచిక, అదే రీచ్, కాని దాని గ్రేజ్ గుణం వల్ల వేటు తప్పినా బలం అదనమంత డ్యామేజ్ తప్పదు. పన్నెండో లెవెల్‌కు వచ్చేసరికి పెద్ద ప్రాణాల ఒంటరి రాక్షసులే ఎక్కువగా ఎదురవుతున్నారు, గత నాలుగు పూటలలో మూడు పూటలు నేను గ్లేవ్‌నే దించాను. హాల్‌బర్డ్‌ను మాత్రం ఇంకా ఇంటి దగ్గర వదిలి రాలేదు. వచ్చే పూట శవాల మడుగు దాటాలట, అక్కడ అస్థిపంజరాలు వరుసలు వరుసలుగా లేస్తాయని మా క్లెరిక్ చెబుతున్నాడు.