అరవై వేలలో రోడ్డు సైకిల్: పై మెట్టు గేర్లా, వెడల్పు టైర్లా, ఏది మేలు?

భాగాలు విడివిడిగా కొని రోడ్డు సైకిల్ కట్టించుకోవాలనే ఆసక్తి కోనసీమలోనూ భీమవరం వైపూ పెరిగినకొద్దీ నన్ను అడిగేవారి ప్రశ్న ఒక్కటే అవుతోంది: షిమానో కంపెనీ గేర్ల సెట్లలో వెనుక ఎనిమిది గేర్లుండే క్లారిస్‌తో సరిపెట్టుకోవాలా, ఇంకొంత పెట్టి పది గేర్లుండే టియాగ్రా తీసుకోవాలా? ఎనిమిది గేర్లా పది గేర్లా అన్నది ముందు తేల్చుకుని, మిగిలిన డబ్బుతో ఫ్రేమ్ చూద్దామని చాలామంది ఆలోచన. నా అభిప్రాయంలో ఈ వరుస తిరగబడాలి. మన దారుల మీద సుఖాన్నే కాదు, వేగాన్ని కూడా నిర్ణయించేది ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు టైరు పడుతుందన్న సంగతే.

అరవై వేల లోపు ప్రధానంగా రెండు కూర్పులు కుదురుతాయి. ఒకటి, ఎవరో వాడి అమ్ముతున్న, రిమ్ బ్రేకుల (చక్రం అంచును రబ్బర్లతో పట్టి ఆపేవి) రేసింగ్ ఫ్రేమ్, టియాగ్రా గేర్లు, 25 మి.మీ. టైర్లు. రెండవది, కొత్త అల్యూమినియం డిస్క్ ఫ్రేమ్, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, క్లారిస్ గేర్లు, 32 మి.మీ. టైర్లు. మొదటిది తేలికగా ఉంటుంది, చూపుకూ అందంగా ఉంటుంది. రిమ్ బ్రేకులను ఏ ఊరి సైకిల్ షాపులోనైనా సరిచేస్తారు. రావులపాలెం నుంచి తణుకు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రమే తొక్కేవారికి నేను కూడా దాన్నే సూచిస్తాను.

అయితే మనలో ఎక్కువమంది తొక్కేది ఆ రహదారి మీద కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతటా అల్లుకున్న కాలువల గట్లే ఇక్కడ చాలా ఊళ్ళకు దారులు. కింద ఉన్నది బంకమట్టి నేల కనుక వానకు ఉబ్బి, ఎండకు బిగుసుకుని, పైనున్న తారును అలలు అలలుగా వంచేస్తుంది. నాట్ల కాలంలో బురద దున్నే ఇనుప దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కితే తారు మీద అడ్డంగా గాట్లు పడతాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది కాబట్టి, ఎదురుగా లారీ వస్తే సైకిల్ తొక్కేవాడు కంకర తేలిన మార్జిన్‌లోకి దిగక తప్పదు.

అక్కడ టైరు వెడల్పు విలువ తెలుస్తుంది. 25 నుంచి 32కు వెళితే పెరిగింది ఏడు మిల్లీమీటర్లే అనిపిస్తుంది గానీ, లోపల పట్టే గాలి దాదాపు అరవై శాతం పెరుగుతుంది. డెబ్బై కిలోల మనిషికి 25 మి.మీ. టైరులో 85–90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టాల్సి వస్తే, 32 మి.మీ. టైరులో 60 చుట్టుపక్కల సరిపోతుంది. గట్టిగా గాలి కొట్టిన టైరే వేగంగా పోతుందన్న నమ్మకం నున్నని రోడ్డుకే వర్తిస్తుంది; గతుకుల మీద అది ఎగిరెగిరి పడుతుంది, ఎగిరిన ప్రతిసారీ మనం పెట్టిన శక్తి ముందుకు పోకుండా మన నడుముకూ మణికట్టుకూ చేరి వృథా అవుతుంది. పోనీ, సన్న టైరులో గాలి తగ్గించి తొక్కుదామంటే గోతి అంచుకు తగలగానే రిమ్ ట్యూబును నొక్కేస్తుంది. అలాంటి పంచరును విప్పి చూస్తే ట్యూబు మీద పక్కపక్కనే రెండు గాట్లు కనిపిస్తాయి.

మామూలు రేసింగ్ రిమ్ బ్రేకుల కింద 28 మి.మీ.కు మించిన టైరు పట్టడం కష్టం. పట్టినా, టైరుకూ బ్రేకుకూ మధ్య మిగిలే కొద్దిపాటి సందులో మన బంకమట్టి చేరి గట్టిపడితే చక్రం తిరగనే తిరగదు. పైగా మట్టి, ఇసుక పట్టిన బ్రేకు రబ్బర్లు రిమ్ గోడనే అరగదీస్తాయి. రిమ్ పోతే చక్రం మొత్తం విప్పి మళ్ళీ కట్టించాలి. డిస్క్‌లో అరిగేవి ప్యాడ్లు, పళ్ళెం మాత్రమే. పళ్ళెం వంగితే రాసుకుంటుంది, ప్యాడ్ల మీద చైన్ ఆయిల్ పడితే పట్టు తప్పుతుంది; ఈ రెండు ఇబ్బందులను నేను కాదనను. హైడ్రాలిక్ బ్రేకులు ఇంతకన్నా మెరుగే అయినా ఈ బడ్జెట్‌కు అందవు. కేబుల్ డిస్క్ కొనేటప్పుడు రోడ్డు బ్రేకు లివర్లకు సరిపడే రకాన్నే అడగాలి. మౌంటెన్ బైక్ రకం ఈ లివర్లతో సరిగా పట్టదు.

ఇక గేర్ల విషయం. చించినాడ వంతెన, యానాం–ఎదుర్లంక వంతెన లాంటివి తప్ప మనకు ఎక్కవలసిన ఎత్తులు లేవు; మనల్ని అలసటకు గురిచేసేది సముద్రం వైపు నుంచి వచ్చే ఎదురుగాలి. అందుకు కావలసింది ఎక్కువ గేర్లు కాదు, దగ్గర దగ్గర గేర్లు. వెనుక 11 నుంచి 32 పళ్ళ వరకు ఉండే క్యాసెట్‌కు (వెనుక చక్రానికి ఉండే పళ్ళ బిళ్ళల వరుస) బదులు, అదే ఎనిమిది గేర్ల రకంలో దొరికే 12–25 వేయించుకుంటే, 13 తరువాత అన్నీ రెండేసి పళ్ళ తేడాతోనే ఉంటాయి, ఎదురుగాలిలో కాళ్ళ లయ చెడదు. అయితే మీరు కొనే డెరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే భాగం) దానికి పనికొస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. ఎనిమిది గేర్ల చైన్ చవక, దొరకడమూ తేలిక. టియాగ్రా లివర్ నొక్కుడులోని మృదుత్వం నాకు నిజంగా ఇష్టమే, కానీ దానికోసం టైరు వెడల్పును వదులుకోలేను.

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు ఫ్రేమ్ మంచిదే గానీ, అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి లోపలి నుంచి తుప్పు పడుతుంది. సెకండ్ హ్యాండ్ కార్బన్‌లో పగులు పైకి కనిపించకపోవచ్చు కనుక దాని జోలికి వెళ్ళవద్దు. అల్యూమినియం తుప్పు పట్టదు, కానీ సీట్ పోస్టు, బోల్టులు గ్రీజు లేకుండా బిగిస్తే ఏడాది తిరిగేసరికి కదలకుండా పట్టేసుకోవచ్చు. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మరలతో బిగించేదే ఉండాలి. మరలు లేకుండా ఒత్తి బిగించే ప్రెస్-ఫిట్ రకంలో నీరు చేరాక వచ్చే కిర్రుమనే చప్పుడును వదిలించుకోవడం కష్టం. చక్రాలకు స్టెయిన్‌లెస్ స్పోకులు, చక్రానికి 32 చొప్పున వేయించండి: ఒకటి తెగినా బెండు తీయించుకుని ఇల్లు చేరవచ్చు.

ఫ్రేమ్‌కు డబ్బు ఇచ్చే ముందు, మీరు వేయబోయే రిమ్‌కే టైరు ఎక్కించి, గాలి నింపి, ఫ్రేమ్‌లో పెట్టి చూడమని షాపులో అడగండి. రిమ్ లోపలి వెడల్పును బట్టి 32 అని రాసి ఉన్న టైరు 34 వరకు ఉబ్బవచ్చు. టైరుకూ ఫ్రేమ్‌కూ మధ్య రెండు వైపులా, పైన కూడా 6 మి.మీ. అలెన్ కీ ఎక్కడా తగలకుండా దూరితేనే ఆ ఫ్రేమ్ తీసుకోండి.