ముంబైలో ఐదు రోజులు, అత్తమ్మ లెక్కలో

తిరుపతిలో సొంతిల్లున్నవాళ్ళకు అద్దె గదుల సంగతి తెలీదు. ఏడాది పొడవునా చుట్టాలు మా ఇంట్లోనే దిగుతారు. హాల్లో చాపలు పరుస్తాం, తెల్లారుజామున మూడింటికి లేపి కొండకు పంపిస్తాం. మా ఇంట్లో పట్టకపోతే స్టేషనెదురుగా విష్ణునివాసం ఉంది, బస్టాండెదురుగా శ్రీనివాసం ఉంది. కొండమీద అయితే యాత్రికుల వసతి సముదాయంలో లాకరు, పడక ఉచితం. అందుకే ముంబైలో గదుల అద్దెలు ఫోన్‌లో చూపించినప్పుడు మావారు "ఇది రోజుకా, నెలకా?" అని అడిగారు.

అబ్బోడికి అంధేరి వైపు ఒక కాలేజీలో ఒక పూట పనిపడింది. ఎలాగూ పోతున్నాం కదా అని నలుగురం బయల్దేరాం. నాలుగో మనిషి మా అత్తమ్మ, డెబ్బై ఒకటి దాటింది. ఖర్చు పుస్తకం నా చేతిలో ఉన్నా, ఆడిటరు ఆవిడే.

రేణిగుంటలో ముంబై రైలెక్కితే గుంతకల్, వాడి, షోలాపూర్, పుణె మీదుగా ఇరవై గంటల పైనే. స్లీపర్ టికెట్టు మనిషికి ఆరు వందల దగ్గర పడింది. పులిహోర, ఊరుబిండి, చపాతీలు కట్టుకున్నాం కాబట్టి దారిలో టీకి తప్ప డబ్బు తీయలేదు. ఇంత దూరానికి ఇంత చవగ్గా తీసుకుపోయే రైలును తిట్టడం నాకు చేతకాదు, బాత్రూం సంగతి వదిలేస్తే.

మొదటి తప్పు గదిలో చేశాం. కాలేజీకి దగ్గరని అంధేరిలో ఆన్‌లైన్‌లో ఒక లాడ్జి బుక్ చేశాం, 3,200 రూపాయలు. ఫొటోలో గది ఇంద్రభవనం. పోయి చూస్తే మంచం పోను మిగిలిన చోట ఒకరు నిలబడితే ఇంకొకరు మంచమెక్కాలి. కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ. నలుగురికని బుక్ చేస్తే, నాలుగో మనిషికి ఇంకో 600 ఇమ్మన్నాడు కౌంటర్లో అబ్బాయి. అత్తమ్మ గదంతా ఒకసారి చూసి, "అమ్మీ, మన ఇంట్లో గొర్రెల దొడ్డి కూడా ఇంతకన్నా పెద్దదే" అంది. ఆ 600 ఇవ్వలేదు, వాదించి గెలిచాం. కానీ ఆ రాత్రి మావారు కాళ్ళు బాత్రూంలోకి చాపుకుని పడుకున్నారు.

మర్నాడు అబ్బోడి పని అయిపోగానే సామాను సర్దుకుని మాతుంగాకు మారాం. అక్కడ ఒక ట్రస్టు నడిపే వసతి గృహంలో నాలుగు మంచాల గది, రోజుకు 2,000. స్నానాల గది నడవా చివర, అందరికీ కలిపి. రాత్రి పదకొండుకు గేటు వేస్తారు, అందరి ఆధార్లూ చూస్తారు, లోపల వంట చేయకూడదు. ఈ షరతులన్నీ మనకు అలవాటైనవే. అంధేరి గదికీ దీనికీ పోలికే లేదు: గాలి వచ్చింది, నిద్ర పట్టింది. ముంబైలో తక్కువ ఖర్చుతో ఉండాలనుకునేవాళ్ళకు నా మాట ఒకటే, దాదర్–మాతుంగా చుట్టుపక్కల చూసుకోండి. దాదర్‌లో వెస్టర్న్, సెంట్రల్ లైన్లు రెండూ కలుస్తాయి కాబట్టి ఊళ్ళో ఎటు పోవాలన్నా సులువు. ఒక్క మనిషే అయితే ముంబై సెంట్రల్ స్టేషన్లో 2021లో పెట్టిన పాడ్ హోటల్ కూడా ఉంది, సొరుగులో పడుకున్నట్టు ఉంటుందట. అత్తమ్మను సొరుగులో పెట్టే ధైర్యం మాకు లేదు. రైలు టికెట్టున్నవాళ్ళు స్టేషన్ల రిటైరింగ్ రూములు పీఎన్ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకోవచ్చు. మేం ప్రయత్నించేసరికి అన్నీ నిండిపోయాయి.

మాతుంగాలో ఇంకో లాభం తిండి. కింగ్స్ సర్కిల్ చుట్టూ మద్రాసు, ఉడిపి హోటళ్ళే. స్టేషన్ దగ్గర రామనాయక్ ఉడిపి 1942 నుంచి నడుస్తోంది, అరిటాకు వేసి వడ్డిస్తారు. చారు పోసుకున్న తర్వాతే అత్తమ్మ ముఖంలో ముంబై మీద కోపం తగ్గింది. "బాగుండాది. అయితే ఇంత దుడ్డు పెట్టి తినాల్నా? మన వెంగమాంబ సత్రంలో ఊరికే పెడతారే" అంది మాత్రం. ఆవిడకు ఎక్కడ భోంచేసినా తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమే కొలత. మధ్యాహ్నాలు వడాపావ్‌తో గడిపేశాం. నాకైతే రెండోది తింటే మూడోది వద్దనిపిస్తుంది, అబ్బోడు లెక్కపెట్టడం మానేశాడు.

లోకల్ రైలు గురించి భయపెట్టినవాళ్ళు చాలామంది. భయం నిజమే, అయితే పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. ఆ వేళలు వదిలేస్తే తిరుపతి–చెన్నై ప్యాసింజరు కన్నా సుఖం. కనీస టికెట్టు 5 రూపాయలు! రోజులో నాలుగైదు సార్లు ఎక్కిదిగేవాళ్ళకు ఒకటి, మూడు, ఐదు రోజుల టూరిస్టు టికెట్లు కూడా ఇస్తారు. అత్తమ్మతో నేను ఆడవాళ్ళ పెట్టె ఎక్కేదాన్ని. అందులో ఒకామె ఉల్లిపాయలు తరుగుతోంది, ఒకామె చెవి కమ్మలు అమ్ముతోంది, ఒకామె నిలబడే నిద్రపోతోంది. దిగాల్సిన స్టేషనుకు రెండు స్టేషన్ల ముందే తలుపు దగ్గరికి చేరమని భాష రాని మాకు చేతులతో చెప్పి, అత్తమ్మను పట్టుకుని దించినామె పేరు కూడా అడగలేదు. ఒక్క హెచ్చరిక: ఆదివారం మరమ్మతుల కోసం మెగా బ్లాక్ అని కొన్ని లైన్లలో రైళ్ళు ఆపేస్తారు. ఆ సంగతి మాకు ప్లాట్‌ఫాం మీద నలభై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది.

ఆటోలు, టాక్సీలు మీటరు మీదే. 2025 ఫిబ్రవరి నుంచి ఆటోకు కనీసం 26, నలుపు పసుపు టాక్సీకి 31 రూపాయలు. దక్షిణ ముంబైలోకి ఆటోలు రానివ్వరు, అక్కడ టాక్సీయో బస్సో. మావారు యాభై ఇస్తే ఆటో అబ్బాయి ఇరవై నాలుగు లెక్కపెట్టి తిరిగిచ్చాడు. మావారు ఆ చిల్లరను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

అన్నిట్లోకీ పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది ఎలిఫెంటా దీవి, అక్కడి గుహలు. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవ ఎక్కితే గంట ప్రయాణం. సోమవారం గుహలు సెలవు కాబట్టి శనివారమే పోయాం. పడవ పైమేడ ఎక్కితే విడిగా కొంచెం ఇవ్వాలి, ఆ డబ్బు దండగ కాదు, గాలీ సముద్రపు కాకులూ అక్కడే. దీవిలో దిగాక బొమ్మ రైలు, ఆపైన నూట ఇరవై మెట్లు. డోలీ వాళ్ళు అత్తమ్మ చుట్టూ మూగారు. "మూడు వేల ఐదు వందల యాభై మెట్లు, మోకాళ్ళ పర్వతంతో సహా ఎక్కినదాన్ని. ఇది మెట్టు కాదు, గడప" అని వాళ్ళకు తెలుగులోనే చెప్పింది. వాళ్ళకు అర్థమైంది.

గుహ లోపల త్రిమూర్తి అనే శివుడి శిల్పం ముందుకు పోయేసరికి మాట ఆగిపోయింది. ఇరవై అడుగుల ఎత్తు, కొండలోనే చెక్కిన మూడు ముఖాలు. నడిమి ముఖం కళ్ళు మూసుకుని ఉంటుంది. పూజ లేదు, హారతి లేదు, క్యూ లేదు, ఎవరూ "జరగండి, జరగండి" అనరు. తిరుపతివాళ్ళకు దేవుడి ముందు అంతసేపు నిలబడగలగడం ఎంత వింతో వేరే చెప్పక్కర్లేదు. అత్తమ్మ చెప్పులు విప్పి అరగంట నిలబడింది. కాళ్ళూ చేతులూ విరిగిన శిల్పాలు చూసి మాత్రం నొచ్చుకుంది. దీవికి ఆ పేరు తెచ్చిన రాతి ఏనుగు ఇప్పుడు ఊళ్ళో జిజామాత ఉద్యానంలో ఉంది, దాన్ని చూడడానికి మాకు వీలుపడలేదు. గుహల టికెట్టు మనవాళ్ళకు 40 రూపాయలు. పైన తినేవి ప్రియం, నీళ్ళు కిందనుంచే తీసుకుపోండి. అబ్బోడి చేతిలో జామకాయ కోతి లాక్కుపోయింది. కొండమీద కోతులను చూసి పెరిగినవాడికి ఆ మాత్రం తెలివి ఉండొద్దా!

మిగతావి పైపైన. ఆర్కిటెక్ట్ ఫ్రెడరిక్ స్టీవెన్స్ కట్టిన ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్‌ను రాత్రి దీపాల్లో చూడాలి, ఉచితం. మెరీన్ డ్రైవ్ గోడమీద కూర్చోవడమూ ఉచితమే. సిద్ధివినాయకుడి గుడికి మంగళవారం తప్ప ఎప్పుడైనా పోవచ్చు, మంగళవారం జనం విరగబడతారు. మేం ఇరవై నిమిషాల్లో బయటపడ్డాం. అత్తమ్మ కాణిపాకం స్వామితో పోల్చి చూసి, తీర్పు చెప్పకుండా ఊరుకుంది. జుహూ బీచి నాకు నచ్చలేదు. మాల్ ఒకటి చూశాం, ఏసీ చల్లగా ఉంది.

తిరుగు రైల్లో లెక్క తీశాం. రైళ్ళకు ఐదు వేలు, పడకకు 9,200, తిండికి ఐదున్నర వేలు, తిరగడానికీ చూడడానికీ నాలుగు వేల చిల్లర. నలుగురికీ కలిపి ఇరవై నాలుగు వేల లోపే. ఆ అంధేరి రాత్రి లేకపోతే ఇంకా తగ్గేది.

రేణిగుంటలో దిగేసరికి చీకటి పడింది. ఇంటికి పది కిలోమీటర్లు. ఆటో అతను 500 అన్నాడు. ఐదు రోజులుగా అలవాటైన నోటితో మావారు "మీటరు వెయ్యన్నా" అనేశారు. అతను మావారిని కిందా మీదా చూసి, జాలిగా, "యాడ్నించి వస్తాండారు సార్? దర్శనానికా?" అని అడిగాడు.

అత్తమ్మ ఆటోలోకి తల పెట్టింది. "మాది కొర్లగుంట. నువ్వు పుట్టకముందు నించీ ఈడే ఉండాం. రెండు నూర్లా యాభై ఇస్తాం, పద."

పుస్తకంలో చివరి అంకె అదే, 250.