బీచ్ నుంచి గాలం: రొయ్య ఎరా, లూరా?

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట గాలం వేసేవాళ్ళందరికీ వచ్చే డౌటే ఇది, పచ్చి ఎర పెట్టాలా లేక లూర్ (చిన్న చేపలా కనిపించే నకిలీ ఎర) విసరాలా అని. నా ఓటు ఎక్కువసార్లు ఎరకే.

రొయ్య గానీ కవళ్ల ముక్క గానీ గుచ్చి, 12-13 అడుగుల రాడ్‌తో 100 గ్రాములు దాటిన సీసం గుండు కట్టి అలలు విరిగే చోటుకి కాస్త అవతల పడేస్తే చాలు, నీళ్ళు బురదగా ఉన్నా రాత్రయినా వాసన పట్టుకుని చేపే వెతుక్కుంటూ వస్తుంది, మాగ లాంటిది అడుగున తడుముకుంటూ తినేది కాబట్టి దానికి ఇదే కరెక్ట్. తలనొప్పి ఏంటంటే పీతలు, పది నిమిషాలకోసారి లాగి చూస్తే ఖాళీ గాలమే. మెత్తటి ఎరైతే సన్నటి ఎలాస్టిక్ దారం చుట్టండి, విసిరేటప్పుడు ఊడదు.

లూర్ అలా కాదు, అది చేప కంటికి కనపడాలి. నీళ్ళు తేటగా ఉండి, తెల్లారుజామున చిన్న చేపలు ఎగురుతుంటే 30-40 గ్రాముల మెటల్ జిగ్ (లోహపు లూర్) విసిరి స్పీడ్‌గా లాగండి, పార చేప వచ్చి కొట్టిందంటే చెయ్యి అదిరిపోద్ది, ఆ కిక్కు ఎరలో లేదు నిజంగా! రాడ్ 9-10 అడుగులది చాలు, కానీ గంటలకొద్దీ విసురుతూనే ఉండాలి, రాళ్ళల్లో ఇరుక్కుంటే లూర్ పోయినట్టే.

పండుగొప్ప మాత్రం రెండిటికీ పడుద్ది. ఏది వాడినా మోకాళ్ళు దాటి నీళ్ళలోకి దిగొద్దు ప్లీజ్, వైజాగ్ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలు చాలా ప్రమాదం.