థండరా, నగెట్సా? 2025-26 ఎన్‌బీఏ కప్పు ఎవరి చేతికి

2025-26 సీజన్ ముంగిట నిలబడి చూస్తే, గడిచిన ఏడేళ్లలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కప్పు ఏడు వేర్వేరు జట్లకు దక్కింది. 2019లో టొరంటో, 2020లో లేకర్స్, 2021లో మిల్వాకీ, 2022లో గోల్డెన్ స్టేట్, 2023లో డెన్వర్, 2024లో బోస్టన్, 2025 జూన్‌లో ఓక్లహోమా సిటీ. వరసగా రెండేళ్లు గెలిచిన చివరి జట్టు 2017, 2018లో గోల్డెన్ స్టేట్. ఇంతకంటే గట్టి లెక్క ఇంకొకటుంది. టొరంటో మొదలుకొని బోస్టన్ దాకా, కప్పు గెలిచిన ఆరు జట్లలో ఒక్కటి కూడా మరుసటి ఏడాది ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) రెండో రౌండ్ దాటలేదు. కాబట్టి ఓక్లహోమా సిటీ థండరే మళ్లీ గెలుస్తుందనేవాళ్లు ముందు ఈ లెక్కకు సమాధానం చెప్పాలి. మా ఓటు థండర్‌కే. వాళ్లను నిజంగా ఆపగల జట్టు మాత్రం ఒక్కటే ఉంది, అది డెన్వర్ నగెట్స్.

ఛాంపియన్లు మరుసటి ఏడాది పడిపోవడానికి కారణాలు మూడు. పెద్ద ఆటగాడికి గాయమవుతుంది, జీతాల పరిమితి వల్ల పనికొచ్చేవాళ్లు వెళ్లిపోతారు, లేదా ముఖ్యులకు వయసు మీద పడుతుంది. 2025 మే నెలలో బోస్టన్ కథ ముగిసింది న్యూయార్క్‌తో నాలుగో మ్యాచ్‌లో జేసన్ టేటమ్ కుడికాలి మడమ వెనక స్నాయువు (అకిలీస్) తెగినప్పుడే. ఆ వెంటనే జీతాల భారం దించుకోవడానికి జ్రూ హాలిడేను, పోర్జింగిస్‌ను వదులుకున్నారు. థండర్‌ను ఇదే కొలతతో చూడండి. కప్పు గెలిచిన రోజు ఆడిన ప్రధాన ఆటగాళ్లంతా ఉన్నారు. షే గిల్జస్ అలెగ్జాండర్‌కు 27 ఏళ్లు, జేలెన్ విలియమ్స్‌కు 24, చెట్ హోమ్‌గ్రెన్‌కు 23. వయసు అనే మాటే లేదు. మిగిలింది గాయాలు. విలియమ్స్ ప్లేఆఫ్స్ మొత్తం కుడి మణికట్టులో లిగమెంట్ చిరిగినా ఆడాడు, ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో 40 పాయింట్లు అలాగే కొట్టాడు. జూలైలో శస్త్రచికిత్స జరిగింది, సీజన్ మొదట్లో కొన్నాళ్లు ఆడడు. అది ఆడే చేతి మణికట్టు గనక, తిరిగొచ్చాక కూడా దూరం నుంచి వేసే షాట్లు గాడిలో పడటానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. థండర్‌లో మాకు కనిపించే బలహీనత ప్రస్తుతానికి ఇదొక్కటే.

విజయాల లెక్క ఎలా వేయాలి

అంచనా అంటే నోటికొచ్చిన అంకె చెప్పడం కాదు. పోయిన ఏడాది గెలుపు ఓటముల కంటే, మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్ల తేడాతో ఆడారన్నది మేలైన ఆధారం. ప్లేఆఫ్స్‌కు ముందు రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడే 82 మ్యాచుల్లో సగం 41. దానికి ఒక్కో పాయింట్ తేడాకు రెండున్నర విజయాలు కలపండి. డెన్వర్ 120.8 కొట్టి 116.9 ఇచ్చింది, తేడా 3.9. లెక్క ప్రకారం 51 రావాలి, నిజంగా వచ్చింది 50. హ్యూస్టన్ తేడా 4.5, రావాల్సింది 52, వచ్చింది 52. న్యూయార్క్ తేడా 4.1, రావాల్సింది 51, వచ్చింది 51. థండర్ తేడా 12.9, లీగ్ చరిత్రలోనే అన్నిటికంటే పెద్దది. అంత పైకి వెళ్లాక ఈ సూత్రం కాస్త సాగుతుంది. 73 చూపిస్తుంది, వాళ్లు గెలిచింది 68. సూత్రం చూపినంత గెలవలేదంటే, చివరి నిమిషాల అదృష్టం వాళ్లను పైకి మోయలేదన్నమాట.

రెండో మెట్టులో, ఆ తేడాలో నాలుగో వంతు కోసేయాలి. పైకెక్కిన జట్లు మరుసటి ఏడాది కొంత కిందికి, కిందివి కొంత పైకి జరగడం మామూలే కాబట్టి. మూడో మెట్టులో కొత్తగా వచ్చినవాళ్లు, పోయినవాళ్లు, గాయాలు కలిపి తీసివేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొత్తగా వచ్చిన పేరున్న ఆటగాడి సగటు పాయింట్లను అలాగే జట్టు ఖాతాలో వేసేస్తారు. అతను వేసే షాట్లు ఇంతకుముందు ఇంకెవరో వేస్తున్నవే. కలపాల్సింది ఆ ఇద్దరి మధ్య తేడాను మాత్రమే.

ఇలా వేస్తే థండర్ 65 దగ్గర తేలుతుంది. విలియమ్స్ లేని మొదటి వారాలకు ఒకటో రెండో తగ్గించినా, పోయినసారి హోమ్‌గ్రెన్ 32 మ్యాచులే, హార్టెన్‌స్టైన్ 57 మ్యాచులే ఆడారన్నది మర్చిపోకూడదు. ఆ పొడుగు ఆటగాళ్లు ఇద్దరూ ఈసారి ఇంకొన్ని ఎక్కువ ఆడితే ఆ నష్టం పూడిపోతుంది.

డెన్వర్‌కు ఆ 11 నిమిషాలే ఆయువుపట్టు

డెన్వర్ లెక్క మాత్రం అంత తేలిగ్గా తేలదు, అందులోనే ఆసక్తి ఉంది. నికోలా యోకిచ్ పోయిన సీజన్‌లో సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (పడని షాట్ బంతిని పట్టుకోవడం), 10.2 అసిస్టులు (పాయింట్లకు దారితీసే పాస్‌లు) చేశాడు. సీజన్ మొత్తానికి మూడు అంకెలూ పది దాటించిన మూడో ఆటగాడు, సెంటర్లలో, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాళ్లలో, మొదటివాడు. అయినా జట్టుకు వచ్చినవి 50 విజయాలే. అతను ఆడేది సగటున 36.7 నిమిషాలు. 48 నిమిషాల మ్యాచ్‌లో మిగిలిన 11 నిమిషాల్లో జట్టుకు గండి పడుతోంది. యోకిచ్ లేచి బెంచీకి వెళ్లగానే 12 పాయింట్ల ఆధిక్యం కాస్తా నాలుగైదు నిమిషాల్లో కరిగిపోవడం డెన్వర్ అభిమానులందరికీ తెలిసిన బాధే.

దీన్ని లెక్కగట్టి చూడవచ్చు. బెంచ్ జట్టు 48 నిమిషాలకు 10 పాయింట్ల చొప్పున వెనకబడుతోందనుకోండి. 11.3 నిమిషాలకు అది మ్యాచ్‌కు 2.4 పాయింట్లు. ఆ 10ని 4కు తగ్గించగలిగితే మ్యాచ్‌కు 1.4 పాయింట్లు మిగులుతాయి, అంటే ఏడాదికి మూడు నాలుగు విజయాలు. దీనికి మరో యోకిచ్ అక్కర్లేదు. ఆట చెడగొట్టకుండా నిలబెట్టగల సెంటర్ ఉంటే చాలు. సాక్రమెంటో నుంచి వచ్చిన యోనస్ వలాన్చూనస్ సరిగ్గా అలాంటివాడు. గట్టి స్క్రీన్ పెడతాడు (తన జట్టువాడి కోసం ప్రత్యర్థి దారికి అడ్డంగా నిలబడతాడు), రీబౌండ్ వదలడు, రింగు కింద పాయింట్లు తెస్తాడు. అతని లోపం కాళ్లు. ప్రత్యర్థి గార్డు స్క్రీన్ దాటి వేగంగా వస్తే వెనక్కి జారి రింగు దగ్గరే ఉండాల్సి వస్తుంది, దాంతో మధ్యలో షాట్ ఖాళీగా దొరుకుతుంది. షే గిల్జస్ అలెగ్జాండర్ బతికేది సరిగ్గా ఆ ఖాళీలోనే. కాబట్టి వలాన్చూనస్ రెగ్యులర్ సీజన్‌లో ఎంత ఉపయోగమో, థండర్‌తో సిరీస్‌లో అంత ఉపయోగం కాడు.

మిగతా మార్పుల్లో పెద్దది మైఖేల్ పోర్టర్ జూనియర్‌ను, 2032 మొదటి రౌండ్ పిక్‌ను (ఆ ఏడాది కొత్త ఆటగాడిని ఎంచుకునే హక్కును) బ్రూక్లిన్‌కు ఇచ్చి కామ్ జాన్సన్‌ను తెచ్చుకోవడం. షూటింగ్‌లో ఇద్దరూ దగ్గర దగ్గరే. జాన్సన్ పోయిన ఏడాది సగటు 18.8 పాయింట్లు, త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 39 శాతం. బంతి చేతికొచ్చాక వెంటనే ముందుకు పంపడంలో, డిఫెన్స్‌లో సహాయానికి వెళ్లి మళ్లీ తన మనిషి దగ్గరికి చేరడంలో జాన్సన్ మేలు. ఎత్తులో, రీబౌండ్లలో పోర్టర్ మేలు. జీతంలో ఆదా అయిన సుమారు 1.7 కోట్ల డాలర్లే వలాన్చూనస్‌ను, టిమ్ హార్డవే జూనియర్‌ను, 2023 కప్పు జట్టులోని బ్రూస్ బ్రౌన్‌ను తేవడానికి దారి ఇచ్చాయి. నాలుగో వంతు కోసేశాక 48 దగ్గర నిలిచిన డెన్వర్‌కు, బెంచ్ వల్ల మూడున్నర, మిగతావాటి వల్ల రెండున్నర కలిపితే 54. లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన పశ్చిమంలో రెండో స్థానం ఖాయమని మా నమ్మకం.

ఏడు మ్యాచుల్లో ఎదురుపడితే

2025 మే నెలలో, ప్లేఆఫ్స్‌లో, ఈ రెండూ ఏడు మ్యాచులు కొట్టుకున్నాయి. మొదటిదాంట్లో 2.8 సెకన్లు ఉండగా ఆరన్ గోర్డన్ కొట్టిన త్రీతో డెన్వర్ 121-119తో గెలిచింది. రెండోదాంట్లో థండర్ 149 కొట్టింది. మూడోది ఓవర్‌టైమ్‌లో డెన్వర్‌ది. నాలుగోది 92-87, చూడటానికే ఊపిరి బిగపట్టాల్సిన ఆట. ఆ నాలుగు, అయిదు మ్యాచులు థండర్‌వి, ఆరోది డెన్వర్‌ది. ఏడోది 125-93. చివరి అంకె చూసి థండర్ చిత్తుగా ఓడించిందనుకుంటే పొరపాటు. తొడ కండరం చిరిగిన గోర్డన్ ఆ రోజు కుంటుతూ ఆడాడు.

ఆ ఏడో మ్యాచ్‌లో థండర్ ఏం చేసిందో దగ్గరగా చూడాలి. దాదాపు ఏడడుగుల యోకిచ్ మీదికి ఆరడుగుల అయిదు అంగుళాల అలెక్స్ కరూసోను పంపారు. కరూసో అతని వెనక నిలబడలేదు. ముందుకు వచ్చి, బంతికీ యోకిచ్‌కీ మధ్య నిలబడ్డాడు, చేతులు ఆడిస్తూ, నడుముతో నెడుతూ. పై నుంచి బంతి విసరాలంటే వెనక హోమ్‌గ్రెన్ చేతులు ఆకాశంలో ఉంటాయి. కొంచెం ఆలస్యంగా ఇచ్చిన పాస్ అయితే పక్కనుంచి ఇంకొకడు వచ్చి లాక్కుంటాడు. యోకిచ్‌కు ఆ రాత్రి వేయగలిగిన షాట్లు తొమ్మిదే.

ఇది ఎవరైనా చేయగల పని కాదు. యోకిచ్ మీదికి ఇద్దరు వెళ్తే మిగతా ముగ్గురు నలుగురిని కాయాలి. కరూసో, లూ డార్ట్, కేసన్ వాలెస్, విలియమ్స్ లాంటి వాళ్లు వరసగా ఉంటేనే అది కుదురుతుంది. పోయిన సీజన్‌లో ప్రత్యర్థి చేత బంతి ఎక్కువగా పోగొట్టించిందీ, తాను తక్కువగా పోగొట్టుకున్నదీ థండరే. మ్యాచ్‌కు నాలుగైదు బంతులు అదనంగా దొరికితే, షాట్లు పడని రోజు కూడా ఆట చేతిలోనే ఉంటుంది.

దీనికి డెన్వర్ విరుగుడు, యోకిచ్ మీదికి సహాయానికి వెళ్లేవాళ్లు వదిలేసే మనిషి ఎవరన్నదాంట్లో ఉంది. ఎదురుగా ఆడే నలుగురూ కొట్టగలిగినవాళ్లయితే సహాయానికి ఎవరూ కదలలేరు. పోయినసారి అప్పటి డెన్వర్ ఆటగాడు వెస్ట్‌బ్రూక్‌ను వదిలేసి యోకిచ్ మీదికి వెళ్లేవారు. ఈసారి జాన్సన్, జమాల్ మర్రే, గోర్డన్, హార్డవే చుట్టూ ఉంటే ఆ పప్పులు ఉడకవు. అందుకే ఈ సిరీస్ మళ్లీ ఏడు మ్యాచులకు వెళ్తుందనీ, సొంత మైదానం ఉన్న థండర్ గెలుస్తుందనీ అంటున్నాం. డెన్వర్ కోచ్ డేవిడ్ ఆడెల్మన్ 2025 వసంతంలో అద్భుతంగా వాడిన జోన్ డిఫెన్స్‌కు (ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో చోటును కాపు కాసే పద్ధతికి) థండర్ ఇప్పుడు సిద్ధంగా ఉంటుంది, ఆ ఆశ్చర్యం మళ్లీ దొరకదు.

హ్యూస్టన్ గురించి రెండు మాటలు. కెవిన్ డ్యురాంట్ రావడంతో రింగు ముందు ఇరుకు తగ్గుతుంది, తమ పడని షాట్ల బంతుల్ని తిరిగి పట్టుకోవడంలో వాళ్లే లీగ్‌లో మొదటివాళ్లు. కానీ సెప్టెంబర్‌లో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంట్ తెగింది. బంతిని తెచ్చి ఆట మొదలుపెట్టే భారం ఏమెన్ థాంప్సన్ మీద పడుతుంది. థండర్ లాంటి డిఫెన్స్ ముందు అది ప్రమాదం. 52 విజయాలు, మూడో స్థానం.

తూర్పున న్యూయార్కా, క్లీవ్‌ల్యాండా?

బోస్టన్ ఆటగాడు టేటమ్, ఇండియానా ఆటగాడు హాలిబర్టన్ ఇద్దరూ మడమ స్నాయువు తెగి దూరం కావడంతో తూర్పు విభాగం ఖాళీ అయింది. క్లీవ్‌ల్యాండ్ పోయిన ఏడాది 64 గెలిచింది. ఈసారి డేరియస్ గార్లండ్ కాలి బొటనవేలికి, మాక్స్ స్ట్రూస్ పాదానికి శస్త్రచికిత్సలయ్యాయి, టై జెరోమ్ మెంఫిస్‌కు వెళ్లాడు. 55 అనుకుందాం. న్యూయార్క్‌కు 52. రెగ్యులర్ సీజన్ వరకైతే క్లీవ్‌ల్యాండే మేలు.

ప్లేఆఫ్స్‌కు మాత్రం న్యూయార్క్‌ను ఎంచుకుంటాం. పోయిన ఏడాది అయిదుగురి మీదే భారమంతా వేసి అలసిపోయారు. ఇండియానాతో తూర్పు ఫైనల్ మొదటి మ్యాచ్‌లో 2 నిమిషాల 51 సెకన్లు ఉండగా 14 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఓవర్‌టైమ్‌లో ఓడారు. ఇప్పుడు మైక్ బ్రౌన్ కోచ్, జోర్డన్ క్లార్క్‌సన్, యాబుసెలే బెంచ్ మీద ఉన్నారు. జట్టు ప్రధాన ఆటగాడు బ్రన్సన్‌కు చివరి అయిదు నిమిషాల్లో కాళ్లలో సత్తువ మిగలడమే అన్నిటికంటే పెద్ద లాభం. ఒర్లాండోను కూడా చిన్నచూపు చూడకండి. త్రీ పాయింటర్ల శాతంలో లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు డెస్మండ్ బేన్ లాంటి షూటర్ వచ్చాడు.

ఎంవీపీకి, అంటే సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డుకు, మా ఎంపిక యోకిచ్. ఈ అంచనాలో మరిచిపోకూడని నిబంధన, అవార్డుకు కనీసం 65 మ్యాచులు ఆడాలి. పోయినసారి యోకిచ్ 70, గిల్జస్ అలెగ్జాండర్ 76 ఆడారు. 50 దగ్గర ఆగిన లేకర్స్ ఆటగాడు లూకా డాన్చిచ్ మీద పందెం కాసేవాళ్లు ఈ అంకె చూసుకోవాలి.

సీజన్ మొదటి మ్యాచ్ 2025 అక్టోబర్ 21న ఓక్లహోమా సిటీలో, హ్యూస్టన్‌తో. తెలుగు రాష్ట్రాల్లో అది 22వ తేదీ తెల్లవారుజామున 5 గంటలు. నవంబర్ 2న అమెరికాలో గడియారాలు వెనక్కి జరిపాక ఇలాంటి మ్యాచులు 6 గంటలకు మొదలవుతాయి. తొలి పది మ్యాచుల ఫలితాలు చూసి అంచనాలు మార్చుకోవద్దు. ఆ కొద్ది రోజుల్లో ప్రత్యర్థుల త్రీలు పడటం, పడకపోవడం చాలావరకు అదృష్టమే. పాతిక మ్యాచులు అయ్యాక రెండు అంకెలు చూడండి. యోకిచ్ బెంచ్ మీద ఉన్నప్పుడు డెన్వర్ తేడా, విలియమ్స్ తిరిగొచ్చాక అతని త్రీ శాతం. మొదటిది సున్నా దగ్గరికి చేరి, రెండోది 33 కిందే ఉండిపోతే, మా ఓటు డెన్వర్ వైపు మారుస్తాం.