‘చలికాలానికి సిద్ధం’ అన్న తేనెపెట్టెలు కొనేముందు ఇది చదవండి

మిషిగన్‌లో ఇంటి వెనక తేనెటీగలు పెంచుకుంటున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. మన తెలుగు కుటుంబాలకు పెట్టెలు అమ్మేది ఎవరో మీకు తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు.

‘ఈగలను పట్టి పీల్చే వరోవా నల్లికి మందు పెట్టేశాను, తేనె నిండుగా ఉంది, ఇక వసంతం వరకు ముట్టుకోనక్కర్లేదు’ అన్నాడని అక్టోబరు మొదట్లో రెండు పెట్టెలు తీసుకున్నాను. డబ్బంతా ముందే పుచ్చుకున్నాడు. ఈగలన్నీ లోపలికి చేరాలంటూ చీకటి పడ్డాక రమ్మన్నాడు. టార్చి వెలుగులో అంచున ఉన్న ఒక్క తేనెపట్టు చట్రం లాగి చూపించాడు. రెండు వైపులా తెల్లటి మైనం మూతలతో నిండు తేనె.

మర్నాడు ఎండ ఎక్కాక తెరిస్తే పై అర ఒంటి చేత్తో లేచింది! ఇక్కడి చలికి ఒక్కో పెట్టెలో 30 నుంచి 40 కిలోల తేనె నిల్వ ఉండాలి. నాకు చూపించిన చట్రం, రెండో అంచున ఇంకొకటి తప్ప మధ్యవన్నీ ఖాళీ, ఎండిన మైనం. అడుగు పలక మీద ఎర్రటి వరోవా నల్లులు. పెట్టె గుమ్మం ముందు, నల్లి వల్ల రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు ఎగరలేక గడ్డిలో పాకుతున్నాయి.

ఫోను చేసి, మందు ఏ తేదీన పెట్టారండీ అని అడిగాను. ‘చూడమ్మా, ఈగలన్నాక చస్తాయి. చలికి అందరివీ చస్తాయి. పెట్టె నీ ఇంటికి చేరాక నాకు సంబంధం లేదు’ అన్నాడు. తేదీ చెప్పమని మళ్లీ అడిగితే, ‘ఆడవాళ్లకు ఈ పని ఎందుకు?’ అని పెట్టేశాడు. డబ్బు పోయినందుకు కంటే ఈ మాటకే నా ఒళ్లు మండుతోంది.

చలికాలమంతా రాణి చుట్టూ గుత్తిగా చేరి వెచ్చగా కాపాడేవి ఆగస్టు చివర, సెప్టెంబరులో పుట్టిన ఈగలు. అవి పిల్లలుగా ఉన్నప్పుడే నల్లి పీల్చేస్తే, తర్వాత ఏ మందు పెట్టినా వాటికి బలం రాదు. ఇది ఆయనకు తెలియక కాదు. తెలిసే అమ్మాడు. తేనె లోటు తీరడానికి ఇప్పుడు రెండు పాళ్ల చక్కెర, ఒక పాలు నీళ్లతో చిక్కటి పాకం పెడుతున్నాను. పగటి వేడి 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే ఈగలు పాకం కూడా సరిగా తీసుకోవు.

కొనేవాళ్లు పగటిపూటే వెళ్లండి. మధ్య చట్రాలు తీయించండి, పెట్టె వెనక వైపు ఎత్తి బరువు చూడండి. అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, ఆల్కహాలులో కడిగించి, రాలిన నల్లులను లెక్కపెట్టండి. తొమ్మిది నల్లులు దాటితే వద్దనండి. కడగనివ్వకపోయినా వద్దనండి.

డబ్బు వెనక్కి ఇస్తే ఆ సంగతీ ఇక్కడే రాస్తాను.